విద్యుత్సాధనములలో మిణుకు రొద: నూరేండ్ల శోధన చరిత్ర

మానవుడు నిర్మించిన యంత్రములలో సంపూర్ణ నిశ్శబ్దము గలది యొక్కటియు లేదు. చక్రము తిరిగినచో కిఱ్ఱుమనును; తలుపు మూసినచో చప్పుడగును. ఇవి చెవికి వినబడు చప్పుళ్ళు. విద్యుత్తుతో పనిచేయు సాధనములందు చెవికి నేరుగా వినబడని చప్పుడు వేరొకటి కలదు. తీగలో పారు విద్యుత్ప్రవాహము పైకి నిలుకడగా నున్నట్లు కనబడినను, సూక్ష్మముగా పరీక్షించినచో క్షణక్షణమును స్వల్పముగా హెచ్చుచు తగ్గుచు నుండును. అక్కరలేని యీ హెచ్చుతగ్గులకే శాస్త్రజ్ఞులు రొద యని పేరు పెట్టిరి. టెలిఫోనులోను రేడియోలోను ఇవి ధ్వనిగా మారి వినబడుటచే ఈ పేరు వచ్చినది. ధ్వనితో నిమిత్తము లేని తూనిక యంత్రములకును, ఛాయాగ్రహణ పరికరములకును సయితము తరువాతి కాలమున అదే పేరు స్థిరపడినది.

1938లో మద్రాసునందును, 1948లో విజయవాడయందును రేడియో కేంద్రములు వెలసిన పిమ్మట, వాల్వుల పెట్టెల యెదుట కూర్చుండి తెలుగు ప్రసంగములను, నాటికలను విన్న తరమువారికి రొద యన నేమో వివరింప నక్కరలేదు. మాటల నడుమ వినవచ్చు ఆ గరగరలో కొంత బయటినుండి వచ్చునది. దూరమున మెరసిన మెరుపును, ప్రక్క వీథిలో తిరుగు మోటారును దానికి కారణములు. కొంత మాత్రము పెట్టె లోపలనే పుట్టునది. పెట్టెను ఎంత భద్రముగా మూసినను, ఎంత నిర్జన ప్రదేశమునకు గొనిపోయినను ఈ రెండవ రొద పోదు. అది సాధనమునకు మూలమైన పదార్థములోనే యున్నది.

లోపల పుట్టు ఈ రొదయందును మరల భేదములు కలవు. వానిలో విచిత్రమైనది, చలనము ఎంత మందగించిన అంతగా బలము పుంజుకొను రొద. దీనినే అల్ప పౌనఃపున్య రొద యనియు, మిణుకు రొద యనియు అనవచ్చును. ఒక చలనము సెకనుకు ఎన్నిమారులు ఆవృత్తమగునో ఆ సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. దాని కొలమానము హెర్ట్జు. వీణ తంత్రి సెకనుకు వందలకొలది మారులు కంపించును. హృదయము సెకనుకు ఇంచుమించు ఒకమారు కొట్టుకొనును. సముద్రపు పోటు పండ్రెండు గంటలకు పైగా ఒకమారు వచ్చును. ఈ వరుసలో క్రిందికి దిగిన కొలదియు పెరుగుటయే మిణుకు రొద లక్షణము. 1925లో ఇది మొదట గుర్తింపబడినది. నూరేండ్లు గడచినను, అన్ని పదార్థములకును అన్వయించు ఒకే కారణము దీనికి దొరకలేదు. అయినను ఈ వెదకులాట వ్యర్థము కాలేదు. పారవేయదగినదని తలచిన రొదయే పదార్థపు లోగుట్టును అడుగడుగున బయటపెట్టినది.

గుండ్ల రొదయు, ఉష్ణ రొదయు

మొదటి ప్రపంచ యుద్ధకాలమున శూన్యనాళికలు, అనగా వాల్వులు, టెలిఫోను తంతులయందును రేడియోలయందును విరివిగా వాడుకలోనికి వచ్చెను. క్షీణించిన సంకేతమును వాల్వుతో బలపరుపవచ్చును. ఒక వాల్వు చాలనిచో రెండు, మూడు వరుసగా కూర్పవచ్చును. ఇట్లు పోయిన యెడల ఎంత సన్నని సంకేతమునైనను వినదగినంతగా పెంచవచ్చునని పలువురు భావించిరి. జర్మనీయందు వాల్టర్ షాట్కీ ఈ భావమునకు హద్దు గీచెను. 1918లో ప్రకటించిన తన వ్యాసమున అతడు ఈ వృద్ధికి అంతము కలదనియు, సంకేతముతో పాటు సాధనములోని స్వాభావిక చలనములును పెరుగుననియు, అవి సంకేతమును మించిన పిదప ఎన్ని వాల్వులు కూర్చినను ప్రయోజనము లేదనియు చెప్పెను.

ఆ చలనములకు షాట్కీ రెండు కారణములు చూపెను. మొదటిది వేడిమి. వాహకములోని ఎలక్ట్రానులు ఉష్ణముచేత నిరంతరము తల్లడిల్లుచుండును. రెండవది విద్యుత్తు యొక్క గింజ స్వభావము. ప్రవాహము నీటి ధారవలె ఎడతెగనిది కాదు. లెక్కింపదగిన ఎలక్ట్రానుల రాక. చేటలో జొన్నలు ధారగా పోసినను, చెవి యొగ్గిన వానికి గింజ గింజ పడు చప్పుడు వినబడునట్లు, వాల్వులో రుణధ్రువము నుండి ధనధ్రువమునకు పోవు ఎలక్ట్రానులు ఒక్కొక్కటిగా తాకుటచే రొద పుట్టును. షాట్కీ దీనిని వేటతుపాకిలో వాడు సీసపు గుండ్లతో పోల్చి పేరు పెట్టెను. తెలుగున దీనిని గుండ్ల రొద యనుట తగియున్నది. అతని సూత్రము ప్రకారము రొదను కొలిచి ఎలక్ట్రాను ఆవేశమును లెక్క కట్టవచ్చును. 1925లో అమెరికాయందు హల్లు, విలియమ్సు అను వారు ఆ పని చేసి చూపిరి. రొద కొలమానముగా మారుట కిది తొలి నిదర్శనము.

వేడిమి వలన కలుగు రొదను బెల్ టెలిఫోను ప్రయోగశాలలలో జాన్ బెర్ట్రాండ్ జాన్సను కొలిచెను; అతని సహోద్యోగి హారీ నైక్విస్టు దాని సూత్రమును సాధించెను. ఇరువురును స్వీడను దేశమున పుట్టి అమెరికాకు వలసపోయినవారే. 1928లో వెలువడిన వారి వ్యాసముల ప్రకారము, ప్రతి నిరోధకమును, ప్రవాహమేమియు లేకున్నను, తన ఉష్ణోగ్రతకు తగిన రొదను పుట్టించుచుండును. పది లక్షల ఓముల నిరోధకమును 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, పదివేల హెర్ట్జుల వెడల్పున పరీక్షించినచో సుమారు 13 మైక్రోవోల్టుల రొద కనబడును. అది బొగ్గుతో చేసినదైనను, లోహముతో చేసినదైనను, ఎవరు చేసినను ఈ సంఖ్య మారదు.

గుండ్ల రొదకును ఉష్ణ రొదకును సమానమైన గుణమొకటి కలదు. అవి యన్ని పౌనఃపున్యములందును ఒకే బలముతో నుండును. తెల్లని వెలుతురులో అన్ని రంగులు కలిసియున్నట్లు వీనిలో అన్ని పౌనఃపున్యములును ఉన్నందున వీనిని శ్వేత రొద లందురు. వీని కారణము తెలిసినది, సూత్రము కుదిరినది, కొలత సూత్రముతో సరిపోయినది. మిణుకు రొద ఇట్లు లొంగలేదు.

జాన్సను కనుగొన్న అధికభాగము

గుండ్ల రొదను పరీక్షించుటకై జాన్సను 1925లో చేసిన ప్రయోగములందే మిణుకు రొద బయటపడినది. ఎగువ పౌనఃపున్యములలో వాల్వుల రొద షాట్కీ సూత్రమునకు లోబడెను. దిగువకు వచ్చిన కొలదియు రొద సూత్రమును మించి అనేక రెట్లు పెరుగసాగెను. అంతేకాక, రుణధ్రువము దేనితో చేయబడినదో దానినిబట్టి ఈ అధికభాగము మారుచుండెను. ఆక్సైడు పూతగల రుణధ్రువములందు ఇది మిక్కిలి హెచ్చుగా నుండెను. ఉష్ణ రొదకు పదార్థ భేదము లేదు. ఈ క్రొత్త రొదకు కలదు. కనుక ఇది విద్యుత్తు యొక్క సామాన్య ధర్మమునకు గాక, పదార్థపు స్థితికి సంబంధించినదని తేలినది.

మరుసటి సంవత్సరము షాట్కీ దీనికి వివరణ చెప్పెను. రుణధ్రువపు పైభాగమున పరాయి పరమాణువులు వచ్చి కొంతకాలము నిలిచి పోవుచుండును; అవి యున్నంతసేపు ఆ చోట ఎలక్ట్రానుల విడుదల మారును; గాలి తాకిన దీపము మిణుకుమిణుకుమన్నట్లు విడుదలయే మిణుకుచుండును. ఆంగ్లమున దీనికి వచ్చిన పేరు ఈ అర్థము గలదే. వివరణ సుందరముగా నున్నను, దానినుండి వచ్చు గణితము జాన్సను కొలతలతో పూర్తిగా సరిపడలేదు. షాట్కీ లెక్క ప్రకారము రొద కొంత దిగువకు వచ్చినంతట పెరుగుట మాని సమతలము కావలెను. అంతకు పైన పౌనఃపున్యపు వర్గమునకు విలోమముగా తగ్గవలెను. కొలతలలో అది పౌనఃపున్యమునకే విలోమముగా నుండెను, సమతలమెక్కడను కనబడలేదు. ఈ స్వల్పభేదమునుండియే తరువాతి చర్చ యంతయు పుట్టినది.

విలోమ నియమములోని చిక్కు

పౌనఃపున్యమునకు విలోమానుపాతము అనగా, పౌనఃపున్యము పదవ వంతైనచో రొద తీవ్రత పది రెట్లగును. దీనినిబట్టి 1 నుండి 10 హెర్ట్జుల వరకు ఎంత రొద యున్నదో, 10 నుండి 100 వరకును అంతే యుండును. అట్లే పదవ వంతు నుండి ఒకటి వరకును అంతే. క్రిందికి దిగిన ప్రతి మెట్టునందును సమానమైన రొద కాచుకొని యుండును. ఈ దిగుడునకు అంతు లేనిచో మొత్తము రొద అనంతము కావలెను. ప్రకృతిలో నట్టిది సంభవము కాదు గనుక ఎక్కడనో ఒకచోట నియమము ఆగిపోవలెనని పలువురు తలచిరి. ఆ చోటును వెదకుచు శాస్త్రజ్ఞులు సెకనుల నుండి గంటలకు, గంటలనుండి దినములకు పోయిరి. 1974లో ప్రకటింపబడిన కొలతలు ఒక హెర్ట్జులో పదిలక్షల వంతు వరకు దిగినవి. అనగా ఒక్క ఆవృత్తికి పదకొండు దినములకు పైగా పట్టును. అచ్చటను రొద పెరుగుచునే యుండెను.

అనంతమను భయమునకు సమాధానము లెక్కలోనే యున్నది. ఒక హెర్ట్జు మొదలుకొని విశ్వము పుట్టిన నాటినుండి నేటివరకు పట్టిన కాలమును ఒకే ఆవృత్తిగా గ్రహించు పౌనఃపున్యము వరకు దిగినను పదిరెట్ల మెట్లు పదునెనిమిదికి మించవు. ఒక్కొక్క మెట్టునకు సమాన రొద గనుక, మొత్తము ఒక మెట్టు రొదకు పదునెనిమిది రెట్లు మాత్రమే. కనుక నియమము ఆగకపోయినను ప్రకృతికి వచ్చు ప్రమాదము లేదు. కొలుచువానికి మాత్రము ప్రమాదము కలదు.

ఆ ప్రమాద మెట్టిదో తెలిసికొన్నగాని ఈ చరిత్ర యొక్క ప్రాముఖ్యము బోధపడదు. త్రాసు ముల్లు అటునిటు చలించుచున్నచో వర్తకుడు పలుమారులు తూచి సగటు తీయును. శ్వేత రొద విషయమున ఈ ఉపాయము చక్కగా పనిచేయును. నాలుగు రెట్లు కాలము కొలిచినచో తప్పు సగమగును. మిణుకు రొదకు ఈ మందు పారదు. ఎక్కువసేపు కొలిచిన కొలదియు ఇంకను మందగతి గల రొద క్రొత్తగా వచ్చి కలియును. ఓపికయే ఆయుధముగా గల శాస్త్రజ్ఞుని ఓపికను నిరర్థకము చేయుటయే దీని స్వభావము. శరీర విద్యుత్తు ఇందుకు మంచి ఉదాహరణము. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మానవ మస్తిష్కపు విద్యుత్తరంగములను నమోదు చేసి 1929లో ప్రకటించెను. అవి మైక్రోవోల్టుల పదులలో నుండును; వానిలో ముఖ్యమైనవి సెకనుకు 8 నుండి 13 మారులు చలించును. మిణుకు రొద రాజ్యమేలు చోటనే ఈ సన్నని సంకేతము లుండుటచే, రోగి మస్తిష్క తరంగమేదో, యంత్రపు స్వంత మిణుకు ఏదో వేరుచేయుట వైద్యసాధన నిర్మాతలకు ముఖ్య సమస్య యయ్యెను.

బొగ్గునుండి లోహమునకు

మిణుకు రొద వాల్వులకే పరిమితమైనదని తొలుత భావింపబడెను. టెలిఫోను మాటపెట్టెలోని బొగ్గుపలుకులు ఆ భావమును తొలగించినవి. బెల్ ప్రయోగశాలలకు చెందిన క్రిస్టెన్సెను, పియర్సను అనువారు 1936లో బొగ్గు మైక్రోఫోనులను, పలుకులతో కూర్చిన నిరోధకములను పరీక్షించి, వానియందును పౌనఃపున్యమునకు ఇంచుమించు విలోమమైన రొదను కనుగొనిరి. ప్రవాహము లేనప్పుడు వానియందు ఉష్ణ రొద మాత్రమే యుండును. ప్రవాహమును రెట్టింపు చేసినచో అధిక రొద తీవ్రత నాలుగు రెట్లగును. దీనిలోని సూచన గమనింపదగినది. రొదను ప్రవాహము పుట్టించుట లేదు. నిరోధకపు విలువయే మెల్లమెల్లగా మారుచున్నది. ప్రవాహము ఆ మార్పును బయటికి చూపు దీపము మాత్రమే.

ఫ్రాన్సు దేశీయుడగు బెర్నమాంటు 1937లో పలుచని లోహపు పొరలను పరీక్షించి, షాట్కీ వివరణకును కొలతలకును గల విభేదమును తీర్చు మార్గము చూపెను. ఒక్కొక్క మిణుకునకు ఒక్కొక్క కాలపరిమితి యుండుననియు, అట్టివి అనేక కాలపరిమితులతో ఒకేచోట కూడినచో మొత్తమునకు విలోమ నియమము సిద్ధించుననియు అతని యూహ. కార్తికమాసమున కోనేటి మెట్లపై వరుసలు వరుసలుగా పెట్టిన దీపములలో కొన్ని త్వరత్వరగా, కొన్ని నెమ్మదిగా, కొన్ని బహు మందముగా మిణుకుచుండును. దేనినైనను వేరుగా చూచినచో దాని లయ తెలియును. దూరమునుండి మొత్తపు వెలుతురును చూచువానికి ఏ లయయు కనబడదు. అన్ని లయలును కలిసిన చలనమొకటి కనబడును. ఈ యూహ నేటికిని నిలిచియున్నది. అయితే ఆ దీపములేవి? అన్ని కాలపరిమితులును తగిన పాళ్ళలో ఎట్లు కూడినవి? ఈ ప్రశ్నలు మిగిలినవి.

ఉపరితలమా, అంతర్భాగమా?

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలయందు ట్రాన్సిస్టరు జనించెను. పరిమాణమున చిన్నదై, వేడి తీగ యవసరము లేనిదైనను, తొలినాటి ట్రాన్సిస్టరులు మిణుకు రొదలో వాల్వులను ఎంతయో మించెను. జెర్మేనియము ముక్క యొక్క పైభాగమును శుభ్రపరచిన తీరునుబట్టియు, చుట్టునున్న వాయువునుబట్టియు రొద మారుటచే అందరి దృష్టియు ఉపరితలముపై పడినది. అమెరికాకు చెందిన మెక్‌వోర్టరు 1950ల నడుమ ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. 1957లో అది గ్రంథరూపమున వెలువడినది. అర్ధవాహకము పైనున్న పలుచని ఆక్సైడు పొరలో ఎలక్ట్రానులను పట్టి యుంచు బోనులు కలవు. ఎలక్ట్రాను ఉపరితలమునుండి బోనులోనికి చొరబడి, కొంతకాలము చిక్కియుండి, మరల బయటపడును. చిక్కియున్నంతకాలము ప్రవాహములో ఒక ఎలక్ట్రాను తగ్గును. బోను ఎంత లోతుననున్న అంత ఆలస్యము. లోతు సమాన మెట్లుగా పెరుగగా కాలము గుణకారముగా పెరుగును. కావున బోనులు పొరలో సమముగా వ్యాపించి యున్నచో చాలును. బెర్నమాంటు కోరిన కాలపరిమితుల పంపిణీ దానంతటదియే యేర్పడును.

ఈ సిద్ధాంతము పరిశ్రమకు దారి చూపెను. సిలికాను పైన ఆక్సైడు పొరను ఆధారముగా చేసికొని 1960 ప్రాంతమున వెలువడిన మాస్ ట్రాన్సిస్టరునందు ప్రవాహమంతయు ఆ పొర అంచుననే పోవును. దానిలో మిణుకు రొద హెచ్చుగా నుండుటకు కారణమిదియే యని సులభముగా తెలియవచ్చెను. పొరను నిర్మలముగా పెంచినకొలది రొద తగ్గినది.

సమస్య తీరినదని తలచుచుండగా 1969లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞుడు హోగే, మిణుకు రొద ఉపరితల ఫలితము కాదని శీర్షికలోనే చాటు చిన్న వ్యాసమును ప్రకటించెను. అర్ధవాహకములను, బంగారపు పొరలను పరీక్షించి అతడు చెప్పిన నియమము సులభమైనది: సాపేక్ష రొద తీవ్రత, వస్తువులోని మొత్తము స్వేచ్ఛా ఎలక్ట్రానుల సంఖ్యకును పౌనఃపున్యమునకును విలోమముగా నుండును, గుణకము సుమారు వేయింట రెండు పాళ్ళు. పది లక్షల ఎలక్ట్రానులు గల వస్తువున ఒక హెర్ట్జు వద్ద చలనము లక్షకు నాలుగైదు పాళ్ళుండునని దీని లెక్క. రొద మొత్తము సంఖ్యపై ఆధారపడినచో అది పైభాగమున గాక అంతర్భాగమంతట నున్నదని హోగే వాదము. ఎలక్ట్రానుల సంఖ్య మారుట లేదు, వాని గమన సౌలభ్యము మారుచున్నదని ఈ పక్షమువారు చెప్పిరి.

అటుపై పెక్కేండ్లు రెండు పక్షములును నిలిచియుండెను. ఉపరితలవాదులకు మాస్ ట్రాన్సిస్టరు సాక్ష్యము. అంతర్భాగవాదులకు లోహపు పొర సాక్ష్యము. హోగే గుణకము స్థిరమైనది కాదనియు, దోషములు లేని స్ఫటికములందు అది ఎంతయో తగ్గుననియు తరువాతి పరిశోధనలవలన తెలిసినది. 1981లో దత్తా, హార్ను అనువారు లోహములందు రొద ఉష్ణోగ్రతతో మారు తీరును, పౌనఃపున్యముతో మారు తీరును ఒకదానికొకటి ముడిపడియున్నవని చూపిరి. స్ఫటికములోని దోషములు వేడిమిచే కదలుచు, వేర్వేరు శక్తిగల అడ్డంకులను దాటుచుండుటయే దీనికి మూలమని వారు వివరించిరి. ఇరుపక్షములకును పొత్తుగల సత్యమొకటి దీనిచే తేటపడినది. దీపములు వేరుగా నుండవచ్చును, వరుస ఒక్కటియే. బోనులైనను, కదలు దోషములైనను, అనేక కాలపరిమితులు కూడినచో ఫలితమొకే రూపము దాల్చును.

ఒంటరి బోను కనబడుట

అంతవరకు బోనులన్నియు ఊహలో నున్నవే. 1984లో అమెరికాయందు రాల్సు మున్నగు శాస్త్రజ్ఞులు మైక్రాను కన్న సన్నని సిలికాను ట్రాన్సిస్టరును నిర్మించి పరీక్షింపగా, ప్రవాహము క్రమరహితముగా మిణుకుటకు మారుగా రెండు స్థిరమైన విలువల నడుమ హఠాత్తుగా దూకుచుండెను. ట్రాన్సిస్టరు అంత చిన్నదగుటచే దానిలో ఒకటి రెండు బోనులే మిగిలినవి. ఒక్క ఎలక్ట్రాను చిక్కుటయు విడుదలయగుటయు కంటికి కనబడినది. తంతి కార్యాలయపు మీట టక్కుమని పడుచు లేచుచున్నట్లుండు ఈ చలనమును తంతి రొద యనవచ్చును. వాల్వుల కాలమున షాట్కీ ఊహించిన ఏకాకి మిణుకు, ఏబది యెనిమిదేండ్లకు వేరొక పదార్థమున ప్రత్యక్షమయ్యెను. అట్టి అనేక దూకుళ్ళ కూడికయే పెద్ద ట్రాన్సిస్టరులోని మిణుకు రొద యని దీనిచే దృఢపడినది. లోహముల విషయమున మాత్రము ఈ సాక్ష్యము చెల్లదు.

దీనికి దగ్గరి బంధువు వేరొకటి 1960, 70 దశకములనాటి సమీకృత వలయములందు ఇంజనీర్లను బాధించెను. ధ్వనివర్ధకమునకు కలిపి విన్నచో మంగలములో పేలాలు వేగునట్లు చిటపటలాడుటచే ఆంగ్లమున దానికి మొక్కజొన్న పేలాల పేరు వచ్చినది. స్ఫటిక దోషములును, సంధిస్థానమున చేరిన లోహకల్మషమును దానికి కారణములని తెలిసిన పిదప, కర్మాగారములందు శుద్ధి హెచ్చి పేలాల రొద చాలవరకు తగ్గిపోయెను. నాటినుండి రొదను పరీక్షించి వస్తువు నాణ్యమును తెలిసికొను పద్ధతి బలపడినది. కుండను వ్రేలితో తట్టి బీటను కనిపెట్టునట్లు, సాధనమును విరుగగొట్టకయే దాని లోపలి దోషమును మిణుకు రొద తెలుపును.

నివారణోపాయములు

కారణమును గూర్చిన వాదము తెగకున్నను పని ఆగలేదు. మిణుకు రొద పల్లపు భాగమున నుండునని తెలియుటయే ఉపాయమునకు మూలము. పల్లపు త్రోవ బురదయైనప్పుడు రైతు బండిని గట్టుమీదికి ఎక్కించి అవతల దించుకొనును. అట్లే మందగతి సంకేతమును ముందుగా త్వరితగతి గలదానిగా మార్చి, రొద తక్కువగా నున్న చోట పెంచి, మరల మొదటి రూపమునకు తెచ్చుట ఒక పద్ధతి. రాబర్ట్ డిక్కి 1946లో వర్ణించిన రేడియోమీటరునందు, ఆకాశమునుండి వచ్చు సన్నని వికిరణమును, తెలిసిన ఉష్ణోగ్రతగల వస్తువు వికిరణమును మార్చి మార్చి పోల్చుట ఈ సూత్రముపైననే. 1949లో గోల్డ్‌బర్గు రూపొందించిన ఖండన వర్ధకమును ఈ కోవకు చెందినదే. పాత్రను ఖాళీగా నొకమారు, నిండుగా నొకమారు తూచి తేడా తీయునట్లు, ప్రతి కొలతకు ముందు ఆధారస్థితిని కొలిచి తీసివేయు పద్ధతిని 1974లో వైట్ మున్నగువారు సి.సి.డి. ఛాయాగ్రహణ ఫలకములకు అన్వయించిరి. చేతి ఫోనులోని చిత్రగ్రాహకమున ఈ ఉపాయము నేటికిని ఇమిడియున్నది.

త్రోవ మార్చినను మిణుకు వెన్నంటి వచ్చు చోటొకటి కలదు. రేడియో తరంగములను పుట్టించు డోలకమునందు వర్ధకపు మందగతి రొద తరంగపు దశను మెల్లమెల్లగా కదల్చును. లీసను 1966లో దీనికి సులభమైన సూత్రము నిచ్చెను. కోట్లకొలది హెర్ట్జుల వద్ద పనిచేయు ప్రసార యంత్రమునకును ఒక హెర్ట్జు వద్దనున్న మిణుకు రొదతో నిమిత్తమున్నదని దీనిచే తెలియవచ్చెను.

ఈ చరిత్రలోని రెండు ముఖ్య పదార్థములను తెలుగువారు అనేకులు తమ చేతులతో పట్టినవారే. బెంగళూరు జాలహళ్ళియందు 1954లో స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వులను, 1962లో జెర్మేనియపు అర్ధవాహక సాధనములను తయారుచేయ మొదలిడెను. హైదరాబాదున 1967లో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావు సారథ్యము వహించెను. అణుశక్తి పరిశోధనకు కావలసిన కొలత సాధనముల నిర్మాణము ఆ సంస్థకు తొలి పునాది. రుణధ్రువపు పూతయు, జెర్మేనియపు పైభాగమును నిర్మలముగా నుండవలెనను కట్టుబాటునకు వెనుక జాన్సను మొదలు మెక్‌వోర్టరు వరకు జరిగిన ఈ శోధన కలదు.

మిగిలిన ప్రశ్న

విలోమ నియమము విద్యుత్సాధనములను దాటి ఇతర రంగములందును కనబడినది. 1975లో వాస్, క్లార్కు అనువారు సంగీతపు ధ్వని హెచ్చుతగ్గులయందు దీనిని చూపిరి. 1987లో బాక్, టాంగ్, వీసెన్‌ఫెల్డు అనువారు ఇసుకకుప్ప జారుటను నమూనాగా గైకొని దీనికి విశ్వవ్యాప్త వివరణ చెప్ప యత్నించిరి. ఆ నమూనా అనేక శాస్త్రములకు ప్రేరణ నిచ్చినది గాని, నిరోధకములోని మిణుకును అది వివరింపలేదు. రూపము ఒకటైనంత మాత్రమున కారణము ఒకటి కానక్కరలేదు. ఈ వివేకము ఈ చరిత్ర నేర్పు పాఠములలో ముఖ్యమైనది.

ట్రాన్సిస్టరులు చిన్నవగుచున్న కొలది వానిలోని ఎలక్ట్రానులు తగ్గును. హోగే నియమము ప్రకారమైనను, బోనుల సిద్ధాంతము ప్రకారమైనను సాపేక్ష రొద పెరుగును. చీకటిలో తీసిన చలనచిత్రమున కొన్ని చుక్కలు వెలుగుచు ఆరుచు నుండుటకు ఒక కారణము ఒంటరి బోనులే. జాన్సను నాడు గుర్తించిన అధికభాగము అరచేతిలోనికి వచ్చి కూర్చున్నదనవచ్చును.

ఇట్టి విషయమును తెలుగున చెప్పుటకు పదములు లేవను వాదము కలదు. పొరుగు రాష్ట్రములలో తెలుగు మాధ్యమమున చదువు బాలురు ఈ మాటను తరచుగా వినుచుందురు. 1968లో తెలుగు అకాడమి వెలసిన పిదప శాస్త్రగ్రంథముల ముద్రణ విస్తరించినది. పౌనఃపున్యము, నిరోధకము, అర్ధవాహకము వంటి మాటలు పాఠ్యగ్రంథములందు కుదురుకొన్నవి. రొదలకు గుండ్లు, పేలాలు, తంతి, మిణుకు అను ఇంటి మాటలే చాలును. వీనికి క్రొత్త సంస్కృత సమాసములను కల్పింప నక్కరలేదు. ఇతర భాషలవారును ఈ రొదలకు వేటగుండ్లనుండియు, వంటింటినుండియు, దీపమునుండియు పేర్లు తీసికొనిరే గాని శాస్త్రభాషనుండి కాదు. పేరు తెలిసిన బాలుడు వస్తువును ప్రశ్నింపగలడు. నూరేండ్లుగా పూర్తిగా తెగని ఈ ప్రశ్నను గూర్చి వ్రాయబోవు రేపటి వ్యాసములో ఒక తెలుగు బాలిక పేరుండుటకు, ఆమె బడిలో నేడు ఈ మాటలు వినబడుట అవసరము.